ధైర్యం చెప్పేవారు సరే, వారం వారం లెక్క అడిగేవారేరి?

సంపాదకులు గారికి నమస్కారం.

మనసు బాగోలేనప్పుడు థెరపీకి వెళ్ళాలా, ఎవరికి వారు గట్టిపడి బయటపడాలా అన్న వాదన ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తెలుగు ఇళ్ళల్లో ఇప్పుడు మామూలైపోయింది. పెద్దవాళ్ళు "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా, పనిలో పడితే అవే పోతాయి" అంటారు. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో చదువుకుంటున్న పిల్లలు "థెరపిస్టు దగ్గరికి వెళ్ళాల్సిందే" అంటారు. రెండు మాటల్లోనూ ఒకటే లోటు. ఏ ఇబ్బందికి, ఎంత తీవ్రతకి, ఎన్ని వారాలు అన్న లెక్క ఎవరూ చెప్పరు. మా మాట ముందే చెప్పేస్తాం. తేలికపాటి దిగులుకీ ఒక మోస్తరు దిగులుకీ సొంత సాధన బాగానే పనిచేస్తుంది. కాకపోతే దానికి పద్ధతి ఉండాలి, గడువు ఉండాలి, వారానికోసారి "ఏం చేశావు" అని అడిగే మనిషి ఉండాలి. ఆ మనిషి మన భాషలో అడగాలి. సరిహద్దు జిల్లాల్లో మనకు కరువైంది ఆ మనిషే.

జ్వరానికి థర్మామీటరు ఉన్నట్టు దిగులుకీ కొలత ఉంది. పి.హెచ్.క్యూ.-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం 2001 నుంచి వాడుకలో ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తెలుగులోనూ దొరుకుతుంది. గడిచిన రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి పోయిందా, దిగులుగా ఉందా, నిద్ర చెడిందా లేక అతిగా పడుతోందా, నీరసం, ఆకలిలో తేడా, తన మీద తనకే చిన్నచూపు, ధ్యాస నిలవకపోవడం, కదలిక మందగించడం లేదా కాలుగాలిన పిల్లిలా తిరగడం, చచ్చిపోతే బాగుండుననో తనకు తాను హాని చేసుకోవాలనో తలపులు రావడం, ఇవీ ఆ తొమ్మిది. లేదంటే 0, కొన్ని రోజులైతే 1, సగానికి మించిన రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27. అందులో 5 నుంచి 9 తేలిక, 10 నుంచి 14 ఒక మోస్తరు, 15 నుంచి 19 కాస్త తీవ్రం, 20 నుంచి 27 తీవ్రం. తొమ్మిదో ప్రశ్నకు 0 తప్ప ఏ అంకె వచ్చినా మొత్తంతో పనిలేదు. ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి.

ఈ పత్రం దగ్గర తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, రెండు వారాలది కాకుండా ఆ పూట ఎలా ఉందో రాసేస్తారు. ఇంట్లో గొడవైన రోజు 18, పండగ రోజు 6 వస్తుంది, రెండూ పనికిరావు. రెండోది, ఇంట్లో ఎవరో చదువుతుంటే జవాబు చెప్పడం. అత్తగారు పక్కనుంటే కోడలు తొమ్మిదో ప్రశ్నకు నిజం చెప్పదు, మొగుడు పక్కనున్నా అంతే. చదవడం రానివాళ్ళకు బయటి మనిషి ఫోన్‌లో చదివి వినిపించడం మేలు.

అంకె చూసుకున్నాక సాధన మొదలెట్టే ముందు ఒక్కసారి రక్తపరీక్ష చేయించండి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బి12, షుగర్ చాలు. థైరాయిడ్ తక్కువైనా, రక్తం తక్కువైనా నీరసం, మతిమరుపు, నిద్రమత్తు, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి. అలాంటివారికి ఎంత మనోధైర్యం నూరిపోసినా ఫలితం ఉండదు. అప్పుడు "వాడికి పట్టుదల లేదు" అని నింద వేస్తారు.

ఇక సాధన. రూళ్ళ నోటుబుక్కులో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా గంటకో గీత. ఒక్కో గీతలో ఆ గంటలో ఏం చేశారో రెండు మూడు మాటలు, పక్కన రెండు అంకెలు. మొదటిది ఆ పని ఎంత హాయినిచ్చిందో, రెండోది పని అయిందన్న తృప్తి ఎంతో, 0 నుంచి 10 దాకా. మొదటి వారం రాయడమే, ఏమీ మార్చొద్దు. వారం తిరిగేసరికి చాలామంది పుస్తకాల్లో ఒకే సంగతి బయటపడుతుంది. మంచం మీద ఫోను పట్టుకుని గడిపిన గంటల పక్కన 1, 2 ఉంటాయి. బట్టలు ఉతికినదానికో, కొట్టు తెరిచి సరుకు సర్దినదానికో హాయి 2 ఉన్నా తృప్తి 5 ఉంటుంది. రెండో వారం నుంచి అలాంటివి రోజుకు రెండు, వేళ రాసిపెట్టి చేయాలి. "ఓపిక ఉంటే చేస్తా" కాదు, "6.30కి గేటు దాటి వీధి చివరి దాకా".

పని ఎంత చిన్నదిగా ఉండాలి? చేయగలవా అని అడిగితే పదికి ఎనిమిది పాళ్ళు చేయగలను అనిపించేంత. సాధన చాలామందికి ఇక్కడే చెడిపోతుంది. దిగులులో ఉన్న మనిషి తెల్లవారి 5 గంటలకు లేచి గంట నడక, అరగంట ప్రాణాయామం, ఫోను బంద్ అని పట్టిక గీసుకుంటాడు. మూడో రోజుకు పట్టిక పోతుంది. "నేను ఎందుకూ పనికిరాను" అన్న నమ్మకానికి అదనంగా ఒక రుజువు మిగులుతుంది. యూట్యూబులో ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ ముక్క చెప్పరు, వాళ్ళకు గంట నడకే అందంగా కనిపిస్తుంది. పది నిమిషాలతో మొదలెట్టండి. వారంలో 5 రోజులు కుదిరితేనే పెంచండి, లేదంటే సగానికి తగ్గించండి. ఇది ఎందుకు పనిచేస్తుందంటే, దిగులు మనిషిని పనుల నుంచీ నలుగురి నుంచీ వెనక్కి లాగుతుంది. వెనక్కి తగ్గినకొద్దీ సంతోషం పుట్టే చోట్లు తగ్గుతాయి, దిగులు ఇంకా పెరుగుతుంది. ఉత్సాహం వచ్చాక పని చేద్దామని కూర్చుంటే అది రాదు. పని ముందు నడవాలి, ఉత్సాహం దాని వెనక వస్తుంది.

నిద్రకు ఇంకో పద్ధతి. పిల్లలు దూరంగా ఉన్న పెద్దవాళ్ళకు దీని అవసరం ఎక్కువ. రాత్రి 9కి పడుకుని 6కి లేచేవారికి నిజంగా పట్టే నిద్ర ఐదున్నర గంటలే అయితే మిగతా మూడున్నర గంటలూ మంచం మీద పొర్లడమే. మెదడు మంచాన్ని మెలకువతో ముడివేసుకుంటుంది. వారంపాటు నిద్ర లెక్క రాసి సగటు తీయండి. సగటు ఐదున్నర అయితే మంచం మీద ఉండేది కూడా ఐదున్నర గంటలే, అంటే రాత్రి 11.30 నుంచి ఉదయం 5 దాకా. లేచే వేళ ఆదివారమైనా మారకూడదు. పడుకున్న 20 నిమిషాలకు నిద్ర రాకపోతే లేచి వేరేచోట కూర్చోవాలి, కళ్ళు మూతపడుతుంటేనే తిరిగి రావాలి. మంచం మీద గడిపిన సమయంలో 85 శాతం నిద్ర పట్టడం మొదలైతే వారానికి 15 నిమిషాలు కలుపుకుంటూ పోవాలి. ఐదు గంటల కంటే తగ్గించకూడదు. మొదటి పది రోజులు పగలు కళ్ళు మండుతాయి, చిరాకేస్తుంది. చాలామంది అక్కడే మధ్యాహ్నం గంటన్నర కునుకు తీసి మొత్తం పాడుచేసుకుంటారు. మూర్ఛ ఉన్నవారు, బైపోలార్ (కొన్నాళ్ళు అతి ఉత్సాహం, కొన్నాళ్ళు దిగులు) ఉన్నవారు, లారీ, బస్సు నడిపేవారు దీన్ని సొంతంగా చేయకూడదు.

గాబరా వచ్చి గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, ఊపిరి అందనట్టు అనిపిస్తే, నలభై దాటినవారు మొదటిసారి ఈసీజీ తీయించుకోవాల్సిందే. గుండెలో తేడా లేదని తేలాక మాత్రం ప్రతిసారీ ఈసీజీకి పరుగెత్తడం జబ్బును పెంచడమే. ఊపిరి మరీ వేగంగా తీసుకోవడం వల్లే తిమ్మిరి. 4 లెక్కపెడుతూ లోపలికి, 6 లెక్కపెడుతూ బయటికి, నిమిషానికి ఆరు సార్లు. గాబరా సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి వెళ్ళి దిగుతుంది. రైలు భయం ఉన్నవారికి మెట్లు వేసి చూపిస్తాం. మొదట పర్లాకిమిడి స్టేషనులో ప్లాట్‌ఫారం మీద, భయం సగానికి తగ్గేదాకా కూర్చోవడం. తర్వాత తోడుతో నౌపడా వైపు రైలెక్కడం. ఇక్కడ అందరూ చేసే పని పక్కనే ఉన్న పాతపట్నంలో దిగిపోవడం. ఆ ప్రయాణం మరీ చిన్నది, భయం శిఖరం మీద ఉండగానే రైలు దిగుతారు. "దిగాను కాబట్టి బతికాను" అని మెదడు నేర్చుకుంటుంది. అందుకే టెక్కలి దాకా వెళ్ళాలి. తర్వాత అదే ప్రయాణం తోడు లేకుండా, ఆ తర్వాత సంచిలో మాత్ర, నీళ్ళ సీసా లేకుండా.

స్వయంశక్తి పేరుతో మన దగ్గర నిజంగా జరిగేది ఈ సాధన అయితే ఏ గొడవా లేదు. జరిగేది సొంత వైద్యం. నీరసమని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటారు, గుండెదడకు గ్యాస్ మాత్ర, నిద్రకు మెడికల్ షాపులో అల్ప్రజోలం. అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే రోగి పేరు, రాసినవారి పేరు వేరే రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. ఆ రిజిస్టర్లు ఎంత నిండుగా ఉన్నాయో డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకే తెలియాలి. రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఒళ్ళు దానికి అలవాటుపడుతుంది. "ఇక నా మనోబలంతో మానేస్తా" అని ఒక్కరోజులో ఆపితే నిద్ర అసలు పట్టదు, వణుకు, గాబరా మునుపటికన్నా ఎక్కువవుతాయి, ఫిట్స్ రావచ్చు. నెలల తరబడి వాడినవారికి డాక్టరు ఆ మాత్రను కొద్దికొద్దిగా, కొన్ని వారాల మీద తగ్గిస్తూ వస్తారు.

మద్యం విషయంలో ఈ మనోబలం మాట ప్రాణం మీదికే తెస్తుంది. రోజూ ఉదయం నుంచే తాగే మనిషి చేత గుడిలో ఒట్టు వేయించి గదిలో పెట్టి గడియ వేసే ఇళ్ళు ఉన్నాయి. ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 8 గంటల్లో చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వస్తే 48 గంటల లోపు. రెండో రోజు దాటాక లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, జ్వరం వస్తే అది మరీ ప్రమాదం, వెంటనే ఆసుపత్రి. ఆ స్థితిలో "గాలి సోకింది" అని ఇంకెక్కడికో తీసుకెళ్ళి రెండు రోజులు పోగొడతారు. ఇంకో ముఖ్య విషయం, తాగుడువల్ల ఒంట్లో థయమిన్ అనే బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడు దెబ్బతింటుంది. థయమిన్ ముందు, గ్లూకోజ్ తర్వాత. సెలైన్ పెట్టే ప్రతి ఆర్‌ఎంపీకీ ఈ ఒక్క వాక్యం చేరినా ఈ ఉత్తరం వృథా కాదు.

సొంత సాధనకు వదిలేయకూడనివి ఇంకా ఉన్నాయి. నిద్ర లేకున్నా అలుపే లేకుండా డబ్బు ఖర్చుపెడుతూ పెద్దపెద్ద మాటలు మాట్లాడటం, ఎవరూ లేకుండా మాటలు వినపడటం, కాన్పయిన కొద్ది రోజులకే తల్లి బిడ్డను పట్టించుకోకపోవడం లేదా వింత మాటలు మాట్లాడటం. వీటికి రెండు వారాలు ఆగే పని లేదు. గుడికి వెళ్ళండి, దర్గాకు వెళ్ళండి, మేము కాదనం. దారిలో ఆసుపత్రికి కూడా వెళ్ళండి.

చావు తలపులు ఉన్న మనిషి ఇంట్లో పురుగుమందు ఉండకూడదు. పత్తి వేసే ఊళ్ళలో సీజనుకు సరిపడా మందు తెచ్చి వంటింటి అటక మీద పెట్టే అలవాటు ఉంది. ఆ ఉద్రేకం చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు మందు చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. పిచికారీ రోజు కావలసినంతే కొనడం, లేదా పొలంలో తాళం వేసిన పెట్టెలో ఉంచి తాళంచెవి ఇంకో ఇంటివారికి ఇవ్వడం. పోలీసు కేసవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా దాచేవాళ్ళకు ఒక మాట. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి ప్రయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స ఇప్పించే బాధ్యత ప్రభుత్వానిదే.

మరి థెరపీ అంటే ఏమిటి? కుర్చీలో కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం అనుకుంటే పొరపాటు. సరైన థెరపీ వారానికి ఒకసారి 45, 50 నిమిషాలు. దిగులుకైతే 8 నుంచి 16 సార్లు. మొదటిసారి సంగతులన్నీ అడిగి, ఏం మారాలనుకుంటున్నారో ఇద్దరూ కలిసి రాసుకుంటారు. ఆ తర్వాత ప్రతిసారీ ఇంటి పని ఇస్తారు, వచ్చే వారం దాన్నే ముందు అడుగుతారు. ఆ ఇంటి పని పైన చెప్పిన నోటుబుక్కే, నిద్ర లెక్కే, రైలు మెట్లే. అంటే మంచి థెరపిస్టు చివరికి నేర్పేది తన అవసరం లేకుండా బతకడమే. ఆరుసార్లు వెళ్ళాక కూడా ఇంటి పని లేదు, పత్రంలో అంకె మళ్ళీ చూడలేదు, సలహాలే వస్తున్నాయంటే వేరొకరిని చూసుకోవచ్చు. మాత్రలు ఆపేయమని చెప్పే కౌన్సెలరు దగ్గర ఒక్క రోజు కూడా కూర్చోవద్దు. కౌన్సెలర్ అని బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టుకైతే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు నంబరు ఉంటుంది, అడగండి. అడిగితే చిన్నబుచ్చుకునేవారి దగ్గర మనకేం పని?

మాత్రల గురించి క్లుప్తంగా. దిగులుకు రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి అలవాటు చేసే మందులు కావు. మొదటి వారం వికారం, కాస్త గాబరా ఉండవచ్చు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మన దగ్గర పదో రోజున "పనిచేయలేదు" అని ఆపేసేవాళ్ళే ఎక్కువ. బాగయ్యాక కూడా మొదటిసారి వచ్చినవారు కనీసం ఆరు నెలలు వాడాలి. ఆపేటప్పుడు డాక్టరుకు చెప్పి మెల్లగా ఆపాలి.

కాబట్టి మా లెక్క ఇది. అంకె 5 నుంచి 9 అయితే నాలుగు వారాలు సాధన. 10 నుంచి 14 అయితే సాధన మొదలెడుతూనే డాక్టరు తేదీ కూడా తీసుకోండి. నాలుగు వారాలకు 5 పాయింట్లయినా తగ్గితే ఆ తేదీ వదులుకోవచ్చు. 15, ఆపైన అయితే ముందు డాక్టరు, ఆయన చెప్పినదాంతో పాటు సాధన.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వస్తాం. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువాళ్ళకు సంతలోనూ ఆఫీసులోనూ ఒడియా ఇబ్బంది లేదు. దిగులు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం సంత భాష చాలదు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, కొరాపుట్ మెడికల్ కాలేజీకో వెళితే డాక్టరు ఒడియాలో అడుగుతారు, పెళ్ళయి శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయికి సగమే తెలుస్తుంది. తోడు వచ్చినవాళ్ళు చెబుతారు. తోడు వచ్చేది భర్తో అత్తో అవుతుంది, ఒక్కోసారి ఆ అమ్మాయి బాధకు కారణం కూడా ఆ ఇంట్లోనే ఉంటుంది. ఇంకొన్ని ఇళ్ళల్లో పన్నెండేళ్ళ పిల్లాడు తల్లి చావు తలపుల గురించి డాక్టరుకు అనువాదం చేస్తాడు. ఇంతకన్నా అన్యాయం ఉండదు. పైన చెప్పిన 2017 మానసిక ఆరోగ్య చట్టం 22వ సెక్షన్ రోగికి తన జబ్బు, చికిత్స వివరాలు తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు ఇచ్చింది. "తెలుగు తెలిసిన నర్సునో సిబ్బందినో పిలవండి" అని అడగడం బతిమాలుకోవడం కాదు, హక్కు. ఈ జిల్లాల ఆసుపత్రుల్లో తెలుగు వచ్చినవారు సాధారణంగా ఎవరో ఒకరు ఉంటారు, అడగకపోవడమే లోటు.

ఆ బాధ పడలేక విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో శ్రీకాకుళానికో వెళ్ళేవాళ్ళు చాలామంది. ఊళ్ళో ఎవరికీ తెలియదన్న నిశ్చింత కూడా అందులో ఉంది, తప్పులేదు. కానీ వారం వారం అంత దూరం అంటే రోజు కూలీ, రైలు ఖర్చు. రెండోసారికే మానేస్తారు. నెలకోసారి వెళ్ళి మిగతా వారాలు ఫోనులో మాట్లాడతారా అని మొదటిరోజే అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. రెండు రాష్ట్రాల డాక్టర్లను చూపించుకునేవారికి ఇంకో ప్రమాదం. బరంపురంలో ఒక కంపెనీ పేరుతో, విశాఖలో ఇంకో కంపెనీ పేరుతో ఒకే మందు రాస్తారు, రోగి రెండూ వేసుకుంటాడు. మాత్రల అట్ట పారేయకుండా దాచండి, దాని మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు కాగితం మీద రాసుకెళ్ళండి. అదే కాగితం మీద ఎప్పటి నుంచి, రాత్రి ఎన్ని గంటల నిద్ర, ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, తాగుడు, గుట్కా అలవాటు, ఏం మారాలని కోరిక, ఇవన్నీ తెలుగులోనే రాసిపెట్టుకుంటే డాక్టరు దగ్గర కంగారు ఉండదు.

2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని చెప్పింది. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఒడిశా లేదు, ఆంధ్ర లేదు. మన అంకె అసలు లెక్కలోకే రాలేదన్నమాట. అయితే లెక్క కంటే మనుషులే ముందు కావాలి, వారు డాక్టర్లే కానక్కరలేదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, వైద్యం చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి, 6 నుంచి 8 సార్లు రోగులతో పైన చెప్పిన పనుల పద్ధతే చేయించారు. తేలిక దిగులు కాదు, తీవ్రమైనదే. మూడు నెలలకు మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 39 శాతం కోలుకుంటే, వీరిలో 64 శాతం కోలుకున్నారు. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి.

ఇది మన దగ్గర ఎందుకు కుదరదు? తెలుగు సంఘాలు ఉగాదికి శాలువాలు కప్పుతున్నాయి, కప్పనివ్వండి. ఆ ఖర్చులో కొంత తీసి తెలుగు వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, మహిళా సంఘాల వారిలో ఊరికి ఇద్దరికి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బంది చేత శిక్షణ ఇప్పించవచ్చు. వారి పని వారానికి 15 నిమిషాల ఫోను. నోటుబుక్కులో రాశావా, అనుకున్న రెండు పనుల్లో ఎన్ని రోజులు కుదిరాయి, ఎక్కడ ఆగింది, వచ్చే వారానికి ఇంకా చిన్నది చేద్దామా. రెండు వారాలకోసారి పత్రంలో అంకె. తొమ్మిదో ప్రశ్నకు 0 తప్ప ఏ అంకె వచ్చినా అదే రోజు డాక్టరుకు ఫోను. సలహాలు ఇవ్వకూడదు, కుటుంబ తగాదా తీర్చకూడదు, విన్నది రచ్చబండ మీద చెప్పకూడదు. ఈ మూడోది చెప్పినంత తేలిక కాదని మాకు తెలుసు, అందుకే పక్క ఊరి మనిషిని ఇవ్వడం మంచిది.

ఇక మీ పత్రికను రెండు అడుగుతున్నాం. ఆత్మహత్య వార్తల్లో ఎలా జరిగిందన్న వివరం, ఏ మందు, ఎక్కడ కొన్నారు అన్నవి మానేయండి. 2019లో ప్రెస్ కౌన్సిల్ ఆమోదించిన మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే, అయినా సరిహద్దు జిల్లా పేజీల్లో ఇప్పటికీ సీసా రంగుతో సహా వస్తోంది. రెండోది, ఆ వార్త కిందే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 వేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవ ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, 20 భాషల్లో ఉంది. ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ళు అటు మాట్లాడేది ఒడియాలోనే అనుకుని ఫోను పెట్టేస్తున్నారు. అందుకని నంబరు పక్కన "తెలుగు ఎంచుకోవచ్చు" అన్న రెండు మాటలు కూడా అచ్చువేయండి. వీలైతే ఆదివారం సంచికలో పి.హెచ్.క్యూ.-9 తెలుగు పత్రాన్ని, కత్తిరించి గోడకు అంటించుకునే కొలతలో, ఒకసారి ప్రచురించండి.

ఇట్లు,
మానసిక ఆరోగ్య సేవల్లో పనిచేస్తున్న ఇద్దరు పాఠకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా